ఉస్మానియాలో ఎంబీబీఎస్: గదిని కాలేజీని చూసి కాదు, పోస్టింగులను చూసి తీసుకోండి

ఉస్మానియా మెడికల్ కాలేజీలో సీటు వచ్చి, కాలేజీ హాస్టల్ దొరకనివాళ్లు చాలామంది కోఠి చుట్టూనే గది వెతుకుతారు. మొదటి ఏడాదికి అది బాగానే ఉంటుంది. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ కాలేజీలోనే జరుగుతాయి. రెండో ఏడాది పోస్టింగులు, అంటే ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ, మొదలయ్యాక మాత్రం ఊరంతా తిరగాలి. జనరల్ ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, పిల్లల వార్డులు రెడ్‌హిల్స్ నీలోఫర్ ఆసుపత్రిలో, కంటి ఆసుపత్రి మెహదీపట్నంలో, ఛాతీ, మానసిక వైద్యశాలలు ఎర్రగడ్డలో, ఫీవర్ ఆసుపత్రి నల్లకుంటలో. ఈఎన్‌టీ ఆసుపత్రి మాత్రం కోఠిలోనే ఉంది. పైగా పోస్టింగు, థియరీ క్లాసు ఒకే రోజు ఉంటాయి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు, క్లినికల్స్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి కాబట్టి ట్రాఫిక్‌లో చిక్కుకుపోయానంటే కుదరదు.

అందుకే మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో లైను పక్కన ఉండండి. కాలేజీ పేరుతోనే స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి ఎర్రగడ్డ పదకొండో స్టేషన్, రైలు మారక్కర్లేదు. లక్డీకాపూల్‌లో దిగితే నీలోఫర్‌కు నడిచి పోవచ్చు. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)లో దిగితే అఫ్జల్‌గంజ్ దగ్గరే. మెట్రో అందనివి మెహదీపట్నం, నల్లకుంట. మెహదీపట్నానికి కోఠి నుంచి బస్సులు బాగా ఉన్నాయి.

నా మటుకు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మంచివి. ప్రైవేటు హాస్టళ్లు ఎక్కువ కాబట్టి బేరం ఆడొచ్చు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కాలేజీ ఐదో స్టేషనే. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున అద్దె తక్కువని కింది అంతస్తు గది తీసుకోకండి. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తినప్పుడు ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లు వచ్చాయి.

హాస్టల్‌లో అడగాల్సినవి వేరే ఉన్నాయి. టిఫిన్ ఎన్నింటికి పెడతారు? ఎనిమిదిన్నరకు పెడితే ఎర్రగడ్డ పోస్టింగు రోజుల్లో మీకు టిఫిన్ లేనట్టే. గేటు ఎన్నింటికి వేస్తారు? నైట్ డ్యూటీ ఉన్న రోజు తీస్తారా? ఇది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి, ఇంటర్న్‌షిప్‌లో గొడవంతా ఇక్కడే వస్తుంది. ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్సు కింద ఎంత కోస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో రసీదు మీద రాయించుకోండి. త్రీ షేరింగ్ అన్న గదిలో నాలుగో మంచం వేస్తారా అన్నదీ అడగండి. స్టేషన్ నుంచి హాస్టల్‌కు దారిని రాత్రి పదింటికి ఒకసారి నడిచి చూడండి, పగలు చూస్తే వీధిలైట్ల సంగతి తెలియదు.

బస్ పాస్ తీసుకునేవాళ్లు రూట్ పాస్ కాకుండా గ్రేటర్ హైదరాబాద్ పాస్ తీసుకోవాలి. రూట్ పాస్ ఇంటికి, కాలేజీకి మధ్యే పనికొస్తుంది, పోస్టింగు మారితే చెల్లదు. అమ్మాయిలకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. అయితే గుర్తింపు కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. విజయవాడ చిరునామాతో ఉన్న ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇవ్వరు.

రాత్రి పదకొండు దాటాక మెట్రోను నమ్ముకోవద్దు. ఆ వేళ డ్యూటీ దిగితే తెల్లవారి ఆరింటి దాకా ఆసుపత్రిలోనే ఆగండి, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి ఆటో మాట్లాడుకోండి. గణేశ్ నిమజ్జనం రోజు మొజంజాహీ మార్కెట్, అఫ్జల్‌గంజ్ వైపు బస్సులు దారి మళ్లిస్తారు. ఆ రోజు మెట్రో, నడక తప్ప వేరే దారి పెట్టుకోకండి.