తాళం వేసిన బడిలో తమ్ముడి పేరు

మా తమ్ముడికి నాలుగు, ఐదు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు కావలసి వచ్చాయి. అవి ఇవ్వాల్సిన బడికి 2022 నుంచి తాళం. ఆ కాగితం చేతికి రావడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. మూతపడిన బడుల్లో చదువుకున్నవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విశాఖపట్నం వన్‌టౌన్. నాన్న పోర్టులో కళాసీగా చేసేవారు. కురుపాం మార్కెట్‌కీ పాత పోస్టాఫీసుకీ మధ్య సందుల్లో ఉండేది మా బడి. ఎయిడెడ్ బడి, అంటే టీచర్లకి జీతం ప్రభుత్వం ఇచ్చేది, బిల్డింగు మాత్రం కమిటీది. ముందు రెండు శ్లాబు గదులు, వెనక బెంగుళూరు పెంకుల హాలు. ఆ హాలు గోడలు మూరెడు మందం, పైన టేకు దూలాలు. పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము తెల్లారేసరికి బల్లల మీద పల్చగా పరుచుకుని ఉండేది. పలక తుడుచుకునే తడిగుడ్డతో ముందు బల్ల తుడుచుకుని ఆ తర్వాతే కూర్చునేవాళ్లం. నేనూ తమ్ముడూ ఇద్దరం అక్కడే ఐదో తరగతి వరకూ చదివాం.

2021లో ఎయిడెడ్ యాజమాన్యాలని ప్రభుత్వం తేల్చుకోమంది. ఆస్తులతో సహా బడిని అప్పగించొచ్చు, లేదా ఎయిడెడ్ టీచర్లని ప్రభుత్వానికి వదిలేసి ప్రైవేటుగా నడుపుకోవచ్చు. ఊళ్లో తల్లిదండ్రులు, పిల్లలు రోడ్డెక్కాక ఆ ఏడాది నవంబరులో పాత పద్ధతిలోనే కొనసాగే అవకాశం కూడా ఇచ్చారు. మా కమిటీ అప్పటికే టీచర్లని వదులుకుంది. సొంతంగా జీతాలిచ్చి నడిపే స్తోమతు వాళ్లకి లేదు. 2022 వేసవి సెలవులకి మూసిన గేటు మళ్లీ తెరవలేదు. పిల్లలు తలోచోటా చేరిపోయారు. అంత పాత బడి మూతపడితే వీధిలో ఒక్క కాగితం కూడా అంటించలేదు. నాకైతే అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

తమ్ముడి సంగతికి వస్తాను. 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాశాడు, పాసయ్యాడు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు కదలిక లేదు. 2024 నవంబరులో ఉన్నట్టుండి రెండో దశకి దరఖాస్తు చేయమన్నారు, డిసెంబరు నెలాఖరు నుంచి దేహదారుఢ్య పరీక్షలన్నారు. స్థానికుడని చూపించుకోవడానికి నాలుగు నుంచి పది వరకూ స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవాలి. ఆరు నుంచి పదికి హైస్కూల్లో ఒక పూటలో ఇచ్చేశారు. నాలుగు, ఐదు తరగతులకే గొడవ. ఐదో తరగతి అయ్యాక బడి వదిలేటప్పుడు ఇచ్చే ఒరిజినల్ రికార్డ్ షీట్ ఆరో తరగతిలో చేరినప్పుడే హైస్కూలుకి ఇచ్చేశాం. ఇంట్లో ఉన్న జిరాక్సు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా రేకులు లేచిపోయిన రోజు ట్రంకుపెట్టెలోనే నాని ముద్దయిపోయింది. తమ్ముడు గాజువాకలో షిఫ్టు డ్యూటీ. అందుకని తిరగడం నా వంతయింది.

నవంబరు 20న బడి దగ్గరికి వెళ్లాను. గేటుకి గొలుసు, దానికి తాళం. పిట్టగోడలోంచి రావి మొక్క ఒకటి నా ఎత్తు పెరిగిపోయింది. బడిని ఆనుకున్న ఇంట్లోనే మా బడి ఆయమ్మ ఉంటుంది. నన్ను చూసి గుమ్మంలోకి వచ్చింది.

“ఎవురమ్మా నువ్వు? కళాసీబాబు కూతురివి కాదేటి?”

“అవును ఆయమ్మా. తాళం ఎవరి దగ్గరుంది?”

“నా కాడ నేదమ్మా. కమిటీ బాబు కాడున్నాది. ఆరు తీయరు. తీస్తే బాధ్యతంట.”

కమిటీ పెద్దాయన ఫోన్లో మర్యాదగానే మాట్లాడారు. బడే లేనప్పుడు సర్టిఫికెట్ ఎవరి సంతకంతో ఇవ్వాలని అడిగారు. అది సరైన ప్రశ్నే. ఆ ప్రశ్న పట్టుకుని విద్యాశాఖ ఆఫీసు ఒకదానికి వెళ్తే, మూతపడిన బడి రికార్డులు దగ్గర్లోని ప్రభుత్వ బడికి అప్పగించి ఉంటారు, అక్కడి హెచ్‌ఎం ఇస్తారు అన్నారు. ఆ బడికి వెళ్లాను. హెచ్‌ఎం మేడమ్ ఎంతో ఓపిగ్గా బీరువా తెరిచి చూపించారు. చివరి రెండేళ్ల హాజరు పట్టీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు తప్ప ఏమీ లేవు. అడ్మిషన్ రిజిస్టర్లు అసలు రానేలేదట. మళ్లీ ఆఫీసుకి వెళితే వేరే సెక్షన్‌లో అడగమన్నారు. అక్కడ క్లర్కు లీవు. రెండు వారాలు ఇలాగే పోయాయి. ఆ టెన్షన్‌లో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. తహశీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం తీసుకుందామా అనుకున్నాను. బడిలో చదివినవాళ్లకి స్టడీ సర్టిఫికెట్టే అడుగుతారని మీసేవలో చెప్పారు.

ఈ తిరుగుడులో నాకు నిజంగా పనికొచ్చినవి రెండే. మొదటిది హెచ్‌ఎం మేడమ్ ఇచ్చిన సలహా. తమ్ముడు చదివిన హైస్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో, వాడు ఏ బడి నుంచి వచ్చాడో, వాడి రికార్డ్ షీట్ నంబరెంతో రాసి ఉంటుంది, ముందు అది తెచ్చుకోమన్నారు. వెళ్లి అడిగితే ఆ పేజీ నకలు ఇచ్చారు. మా పాత బడి పేరు, రికార్డ్ షీట్ నంబరు, తేదీ అన్నీ ఉన్నాయి. అప్పటిదాకా నాది నోటిమాట, అప్పట్నుంచి చేతిలో ఆధారం. మీదీ ఇలాంటి పనే అయితే ముందు ఈ నకలు తీసుకోండి, ఆ తర్వాతే ఆఫీసు మెట్లెక్కండి.

రెండోది సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. డిసెంబరు 9న వెళ్లాను. సర్టిఫికెట్ ఇప్పించండి అని రాయలేదు. బడి తెరిపించి అడ్మిషన్ రిజిస్టర్లు ఫలానా ప్రభుత్వ బడికి అప్పగించేలా చూడండి, ఆ తర్వాత సర్టిఫికెట్ ఇప్పించండి అని రాశాను. పరీక్ష తేదీ కాగితం, హైస్కూలు నకలు జతచేశాను. రసీదు చేతికిచ్చారు. అందులో ఉన్న నంబరు చెప్తే ఆఫీసులో ఫైలు వెతికి తీస్తారు, పేరు చెప్తే తీయరు.

పది రోజుల్లో కబురొచ్చింది. డిసెంబరు 19, గురువారం. బంగాళాఖాతంలో అల్పపీడనం, పొద్దున్నుంచీ మబ్బు. విద్యాశాఖ నుంచి ఒక సారు, హెచ్‌ఎం మేడమ్, కమిటీ పెద్దాయన, నేను. తాళం తుప్పు పట్టి తిరగలేదు. ఆయమ్మ కొబ్బరినూనె తెచ్చి పోసింది.

ముందు గదులు బాగానే ఉన్నాయి. గోడ మీద ఎక్కాలు, నల్లబల్ల మీద ఒక మూల తేదీ కూడా చెరిగిపోలేదు. వెనక హాల్లోకి మాత్రం సారు నన్ను రానివ్వలేదు. ఒక దూలం వంగిపోయి, దాని మీది వాసాలు జారి, పెంకులు కింద కుప్ప పడి ఉన్నాయి. ఆ రంధ్రంలోంచి ఆకాశం కనిపిస్తోంది. ఆఫీసు బీరువా సరిగ్గా ఆ రంధ్రం పక్కనే ఉంది. సారే పెంకుల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్లి బీరువా తలుపు లాగారు. కింది అరంతా చెద. పై రెండు అరల్లో నల్ల అట్టల రిజిస్టర్లు, ఎర్ర గుడ్డ వీపుతో, పొడవుగా. ఒక్కొక్కటే తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టారు. పదకొండు.

రికార్డ్ షీట్ నంబరుని బట్టి ఏ పుస్తకమో హెచ్‌ఎం మేడమ్ చెప్పేశారు. అంచులు చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆవిడ స్కేలు దూర్చి ఒక్కో పేజీ విడదీశారు. 2004 జూన్. తమ్ముడి పేరు, నాన్న పేరు. తండ్రి వృత్తి: కళాసీ. పుట్టిన తేదీ ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో. ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. బడి విడిచిన తేదీ 2009 ఏప్రిల్, కారణం: ఐదవ తరగతి పూర్తి. ఆ గళ్లో మా పాత హెడ్మాస్టరు గారి సంతకం, నీలం సిరా. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన పేరు అంత శుభ్రంగా రాసి ఉంటే చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

రిజిస్టర్లని గోనెసంచుల్లో సర్దుతుంటే ఆయమ్మ దగ్గరికి వచ్చింది. “నా పేరున్నాదేటో సూడమ్మా, నేను కూడా ఇక్కడే సదివినాను” అంది. ఆమె పనిచేసిన బడే ఆమె చదివిన బడని నాకు ఆరోజు వరకూ తెలియదు. అన్నిటికంటే పాత పుస్తకంలో, 1961లో దొరికింది. తండ్రి వృత్తి చేపల వేట. రెండో తరగతిలో మానేసింది. కారణం గళ్లో ‘ఇంటి పని’ అని రాసి ఉంది. ఆధార్‌లో ఆమె పుట్టినరోజు జనవరి 1. ఆ తరంలో చాలామందికి అదే తేదీ వేసేశారు కదా. ఆమె అసలు పుట్టినరోజు ఆ పుస్తకంలో ఉంది, శ్రావణంలో పుట్టానని వాళ్లమ్మ చెప్పిన మాటకి సరిపోయేలా ఆగస్టు. చదివి వినిపిస్తే మళ్లీ చదవమంది.

సంచులు ఆటోలో ప్రభుత్వ బడికి చేర్చాం. ఆ రాత్రే వాన మొదలైంది. మర్నాడు కూడా వదల్లేదు. ఆ బీరువా ఇంకో వారం అక్కడే ఉండి ఉంటే అనుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సర్టిఫికెట్ డిసెంబరు 31న వచ్చింది, హెచ్‌ఎం సంతకం, పైన విద్యాశాఖ ధ్రువీకరణ. తమ్ముడు జనవరిలో 1600 మీటర్ల పరుగు దాటాడు, జూన్‌లో మెయిన్స్ రాశాడు. ఆగస్టు ఫలితాల్లో కొద్దిలో పోయింది. మళ్లీ రాస్తాడు. కాగితాలు మాత్రం ఇక సిద్ధంగా ఉన్నాయి.

నా పని అయిపోయినా ఆ హాలు కప్పు కళ్ల ముందు నుంచి పోలేదు. ఫిబ్రవరిలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. బడి స్థలం ఎవరి పేరున ఉంది, బిల్డింగు ఏం చేయాలనే ప్రతిపాదన ఏదైనా ఉందా, కప్పు పటిష్ఠత ఎవరైనా పరీక్షించారా అని అడిగాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తమ దగ్గర లేని సమాచారమైతే ఐదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకి పంపాలి, అది సెక్షన్ 6(3). అలా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లింది. అక్కడి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే మొదటి అప్పీలు వేశాను. దానికి ఫీజు లేదు. జూన్‌లో జవాబొచ్చింది, ఒకే వాక్యం: సదరు భవనం విషయమై ఎటువంటి ప్రతిపాదన ఈ కార్యాలయం నందు లేదు.

వార్డు సచివాలయంలో టౌన్ సర్వే నంబరు కనుక్కుని ఈసీ, అంటే స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం కూడా తీయించాను. 1983 నుంచి వెతికితే ఒక్క అమ్మకం లేదు, ఒక్క తాకట్టు లేదు. ఆ ఈసీ జిరాక్సు వీధిలో పది మందికి పంచాను. స్థలం అమ్మేశారట, అపార్ట్‌మెంటు కడతారట అని రోజుకో పుకారు లేచేది, అది ఆగింది.

కమిటీలో ఇప్పుడున్నది స్థాపించినవాళ్ల మనవలు. అమ్మేద్దామని ఇద్దరు, అద్దెకిద్దామని ఒకాయన. పెద్దాయన మాత్రం పిల్లల కోసం ఇచ్చిన జాగా పిల్లలకే ఉండాలంటున్నారు. నాదీ అదే మాట. మా సందుల్లో ఇళ్లు పది అడుగుల గదులు, పిల్లాడు పుస్తకం పరుచుకుని కూర్చునే చోటు లేదు. ముందున్న రెండు శ్లాబు గదులు శుభ్రం చేస్తే సాయంత్రాలు చదువుకునే గది అవుతుంది, పక్కన అద్దె ఇంట్లో ఇరుక్కున్న అంగన్‌వాడీకి కూడా చోటు సరిపోతుంది. వెనక హాలు నిలబెట్టగలిగితే నిలబెట్టాలి, లేకపోతే ఎవరి మీదా పడకముందే పద్ధతిగా దించాలి. ఆ టేకు దూలాలు రాత్రికి రాత్రి మాయం కాకుండా చూసుకోవాలి. ఏది చేసినా ముందు ఇంజినీర్లు వచ్చి కప్పు చూడాలి. ఆ హాలు వెనక గోడకి ఆనుకునే ఆయమ్మ వంటగది ఉంది.

ఈ సోమవారం మళ్లీ కలెక్టరేట్‌కి వెళ్తున్నాను. ఈసారి కాగితం మీద నలభై రెండు సంతకాలున్నాయి, ఆయమ్మది వేలిముద్ర. మొదటి కోరిక కప్పు పరీక్ష. రెండోది, నగరంలో మూతపడిన మిగతా ఎయిడెడ్ బడుల రిజిస్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక జాబితా వేసి, ఏ బడివి ఏ ప్రభుత్వ బడిలో దొరుకుతాయో గోడ మీద అంటించమని.