డెలివరీ బండి దిగి నెల జీతంలోకి: నా అనుభవం

విజయవాడలో మూడున్నరేళ్లు ఫుడ్ డెలివరీ చేశాను. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డీలర్ దగ్గర స్టోర్స్ అసిస్టెంట్‌ని. చేరి పది నెలలైంది. మధ్యలో నేను పడ్డ పాట్లు తెలిస్తే ఇంకొకరికి పనికొస్తాయని రాస్తున్నాను.

రామవరప్పాడు రింగ్ దగ్గర వానలో బండి జారి మణికట్టు విరిగింది. నలభై రోజులు కట్టుతో ఇంట్లో ఉన్నాను. ఒక్క రూపాయి రాలేదు. మారాలన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

మా మేనత్త కొడుకు గాంధీనగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర అకౌంట్లు చూస్తాడు. "బావా, ఇప్పుడు నెలకి ఇరవై ఆరు వేలు వస్తున్నాయి. ఉద్యోగంలో చేరితే పద్దెనిమిదే అంటున్నారు. ఎలా?" అని అడిగాను. "ముందు నెల రోజులు ఖర్చు రాయరా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

మా అబ్బాయి పాత నోట్‌బుక్‌లో వెనక పేజీలు ఖాళీగా ఉంటే అందులో రాశాం. రాసింది మా ఆవిడే. రాత్రి పన్నెండింటికి వచ్చి హెల్మెట్ తీస్తూ మీటర్ రీడింగ్ చెప్పేవాణ్ణి, తను నిద్రకళ్లతోనే రాసుకునేది. నెలాఖరుకి చూస్తే పెట్రోలు 6,600, ఆయిలు, టైరు, పంక్చర్లు కలిపి 1,400, రీఛార్జి 350. రోజుకి పన్నెండు గంటలు రోడ్డు మీద ఉంటే చివరికి మిగిలింది 17,650. అన్నేళ్లుగా ఇరవై ఆరు వేలు సంపాదిస్తున్నాననే అనుకున్నాను.

ఉద్యోగంలో 18,000కి బేసిక్ 12,000. ఆ బేసిక్ మీద పీఎఫ్, అంటే రిటైరయ్యాక పనికొచ్చే పొదుపు, 12 శాతం, అంటే 1,440. జబ్బు చేస్తే ఆదుకునే ప్రభుత్వ బీమా ఈఎస్ఐకి మొత్తం 18,000 మీద 0.75 శాతం, 135. వృత్తి పన్ను 150. చేతికి 16,275. "ఇంకా తక్కువే కదా" అంది మా ఆవిడ. నిజమే. కానీ ఆ 1,440 మన పేరు మీదే ఉంటుంది, యజమాని కూడా అంతే వేస్తాడు, అందులో కొంత పెన్షన్‌కి వెళ్తుంది. ఈఎస్ఐలో నిర్ణీత రోజులు చందా కట్టి ఉంటే జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. బావ ఈ మాట చెప్పగానే ఇద్దరం నా చెయ్యి వైపే చూశాం.

మొదటి రెండు ఇంటర్వ్యూలు పోయాయి, తప్పు నాదే. చెప్పుకోవడానికి నామోషీగా ఉండి రెజ్యూమేలో డెలివరీ పని రాయలేదు. "మూడేళ్లు ఖాళీగా ఉన్నావా?" అని అడిగితే నీళ్లు నమిలాను. తర్వాత బావ కూర్చోబెట్టి అంతా రాయించాడు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి వారం వారం డబ్బు పడినట్టు చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్, యాప్‌లో మొత్తం ఆర్డర్ల స్క్రీన్‌షాట్ ప్రింట్ తీయించాను. మూడోచోట మేనేజర్ గారు వాటిని చూసి, "సాయంత్రం పూట కాళేశ్వరరావు మార్కెట్ వైపు సరుకు పంపాలంటే ఎలా పంపుతావు?" అని అడిగారు. ఏ సందులో ఆటో తిరుగుతుందో, ఎక్కడ ఆపి చేత్తో మోసుకెళ్లాలో కాగితం మీద గీసి చూపించాను. ఆయన ఆ కాగితం తన దగ్గరే ఉంచుకున్నారు.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. ఇంతకుముందు ఎక్కడైనా పీఎఫ్ కట్ అయి ఉంటే ఆ పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇవ్వండి. 2019లో ఒక బట్టల షాపులో ఎనిమిది నెలలు చేశాను, ఆ నంబరు ఎక్కడో పోయింది. వెతికి తీస్తే అందులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. అది సరిచేయించడానికి మూడు వారాలు టెన్షన్ పడ్డాను.

అన్నిటికన్నా కష్టం మొదటి జీతం దాకా ఆగడం. డెలివరీలో వారం వారం డబ్బు పడేది. ఇక్కడ 6వ తారీఖు చేరితే జీతం వచ్చేది పై నెల 7న. ఇంటి అద్దె, బండి ఈఎంఐ, స్కూలు ఆటో మాత్రం ఆగవు. చేరడానికి పన్నెండు వారాల ముందు నుంచే ప్రతి సోమవారం వెయ్యి రూపాయలు మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆ పన్నెండు వేలే నన్ను నిలబెట్టాయి. మొదటి నెల సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా డెలివరీ చేసుకుంటానని మేనేజర్ గారిని ముందే అడిగాను, సరే అన్నారు.

నాతోపాటు ఏలూరు రోడ్డులో ఆర్డర్ల కోసం నిలబడే ఇద్దరిని మా డీలర్‌కే చెప్పి చేర్పించాను. ఒకడు కుదురుకున్నాడు. రెండోవాడు పదకొండో రోజున యూనిఫాం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "అన్నా, ఇంట్లో గ్యాస్ అయిపోయింది, నెలాఖరు దాకా ఆగలేను" అన్నాడు. పని రాక కాదు, చాలా చురుకైనవాడు. డబ్బు పోగు చేసుకున్నాకే చేరమని వాడికి ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాడు మళ్లీ బండి ఎక్కాడు. ఇప్పుడు వాడి దగ్గర కూడా ఒక నోట్‌బుక్ ఉంది. సోమవారం సోమవారం ఫోన్ చేసి ఎంత పక్కన పెట్టాడో చెప్తాడు. మొన్నటికి ఏడు వేలు అయ్యాయి. పన్నెండు కాగానే రమ్మన్నాను. మేనేజర్ గారికి కూడా చెప్పి ఉంచాను.