రాగి బాగోలేదని ఒక ఉత్తరం

లండన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్న మూడు వారాల్లో నేను బ్రిటిష్ మ్యూజియానికి నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి ప్రాచీన ఇరాక్‌లో ఉండిన సుమేరియన్ల బంగారం చూద్దామని వెళ్లాను. మిగిలిన మూడుసార్లూ ఒక మట్టి పలక కోసమే.

మెసొపొటేమియా, అంటే ఆ ప్రాచీన ఇరాక్ ప్రాంతపు వస్తువులు పై అంతస్తులో, 56వ గదిలో ఉన్నాయి. దక్షిణ ఇరాక్‌లోని ఊర్ నగరంలో 1922 నుంచి 1934 వరకు పురావస్తు శాస్త్రవేత్త లెనార్డ్ వూలీ తవ్వించి తీసినవి అక్కడ చాలా ఉన్నాయి. రాణి పువాబీ సమాధిలో దొరికిన వాద్యానికి ఎద్దు ముఖం బంగారు రేకుతో, గడ్డం నీలిరాతితో చేశారు. ఆ రాయి అఫ్ఘానిస్థాన్ కొండల నుంచి వెళ్లింది. ఎర్రపూసల్లో కొన్ని మన సింధు లోయ నుంచి వెళ్లాయి. పక్కనే ‘ఊర్ పతాకం’ అని పేరుపడ్డ అరమీటరు పొడవు పెట్టె ఉంది. దాని ఒక వైపున పై వరుసలో రాజు విందు, మధ్య వరుసలో ఎడ్లు, మేకలు, చేపలు తెచ్చేవాళ్లు, అడుగు వరుసలో వీపున మూటలు మోసుకుంటూ నుదుటి పట్టీతో వాటిని ఆపుకునేవాళ్లు. నా చూపు పై వరుస నుంచి అడుగుకు జారి అక్కడే ఆగిపోయింది.

ఆ తరువాత కనిపించింది ఆ పలక. ఎత్తు 11.6 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది. తడిమట్టి మీద రెల్లుపుల్లతో నొక్కిన అక్షరాలు ఆవగింజల్లా చిక్కగా ఉన్నాయి. క్రీ.పూ. 1750 ప్రాంతంలో నన్నీ అనే ఆసామి ఏయా-నాసిర్ అనే రాగి వ్యాపారికి రాసిన ఉత్తరం అది. ఏయా-నాసిర్ ఇప్పటి బహ్రెయిన్ వైపు నుంచి సముద్రం మీద రాగి తెప్పించేవాడు. మంచి దిమ్మలు ఇస్తానని మాట ఇచ్చి, నన్నీ పంపిన మనిషి ముందు నాసిరకం దిమ్మలు పెట్టాడు. ఇష్టమైతే తీసుకో, లేదంటే వెళ్లిపో అన్నాడు. నన్నీ మనుషులు శత్రువుల ప్రాంతం దాటి వెళ్లి మరీ ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. నేను నీకు ఒక్క మినా వెండి, అంటే అరకిలో వెండి బాకీ ఉన్నంత మాత్రాన నన్ను ఇంత చులకన చేస్తావా అని నన్నీ నిలదీశాడు.

మా నాన్నగారికి తణుకులో ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. అజ్జరం నుంచి బిందెలు, గంగాళాలు వచ్చేవి. బిందె కారుతోందనో, తూకం తగ్గిందనో పల్లెల నుంచి కార్డులు వచ్చేవి. ఆయన వాటిని చించేవారు కాదు, గల్లాపెట్టె పక్కన ఇనుప ఊచకు గుచ్చేవారు. బేరం తేలిపోయాక కూడా తీసేవారు కాదు. ఆయన పోయాక ఊచ నిండా ఉత్తరాలే. వాటిలో ఎక్కువ భాగం కోపంతో రాసినవి. ‘గారు’ మాత్రం ఎవరూ మానలేదు.

నన్నీ ఉత్తరం కూడా ఊర్‌లో ఒక ఇంట్లోనే దొరికింది. అది ఏయా-నాసిర్ ఇల్లే అంటారు. అతని పేరున వచ్చిన ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. ఇల్లు కూలి మట్టిలో కలిసింది, ఉత్తరాలు నిలిచాయి. ఈ సంగతి తెలిసి ఆ గాజుపెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయాను. జనం బంగారం వైపు వెళుతుంటే పక్కకు జరిగి దారి ఇస్తూ, మళ్లీ వచ్చి నిలబడేవాణ్ని.

రెండోసారి వెళ్లినప్పుడు ఇంకో పలక చూశాను. అయిదు వేల ఏళ్ల కిందటిది, కూలివాళ్లకు ఇచ్చిన బీరు లెక్క. అడుగు కోసుగా ఉన్న జాడీ బొమ్మ బీరుకు గుర్తు. మనిషి తల, నోటి ముందు గిన్నె ఉంటే అది భత్యం. మనకు దొరికిన తొలి రాతల్లో పద్దులే ఎక్కువ. పొద్దున్నే దీపం పెట్టి చిట్టా తెరిచే నాన్నగారికి ఈ మాట చెప్పగలిగితే ఎంత సంతోషించేవారో.

ఇకమీదట దిమ్మలు నా వాకిట్లోనే ఒక్కొక్కటిగా ఎంచి తీసుకుంటాను, నచ్చనివి తిప్పి పంపుతాను అని నన్నీ చివర రాశాడు. ఆ మాటలు పలక వెనకవైపున ఉన్నాయి. నాలుగోసారి మా అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. ఇద్దరమూ వంగి, అద్దం పక్కనుంచి ఆ అంచు వైపు చూశాం.