క్లారా షూమన్ కచేరీల దారిలో

జర్మనీలో షూమన్ పేరుతో నిలిచి ఉన్న ఇళ్ళన్నీ ముందుగా స్వరకర్త రాబర్ట్ షూమన్‌నే గుర్తుచేస్తాయి. నేను బయలుదేరింది మాత్రం ఆయన భార్య క్లారా కోసం. తొమ్మిదో ఏట వేదిక ఎక్కి డెబ్బై ఒకటో ఏట దిగిన పియానో విద్వాంసురాలు ఆమె. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక స్త్రీ కచేరీలు చేసి ఇల్లు గడపడమంటే రోజువారీగా ఎలా ఉండేదో, ఆమె తిరిగిన ఊళ్ళలో దాని జాడ ఏమైనా కనిపిస్తుందో చూడాలన్నది నా కోరిక.

క్లారా 1819 సెప్టెంబరు 13న లైప్‌జిగ్‌లో పుట్టింది. 1828 అక్టోబరులో ఆమె తొలిసారి వాయించిన పాత గెవాంధౌస్ సభామందిరం ఇప్పుడు లేదు. బట్టల వర్తకుల భవనంలో 1781లో అమర్చిన ఆ మందిరాన్ని పందొమ్మిదో శతాబ్దం చివర పడగొట్టి, ఆ స్థలంలో పెద్ద వాణిజ్య భవనం కట్టారు. దాని ముంగిట నిలబడితే దుకాణాల అద్దాలే కనిపిస్తాయి. అక్కడికి దగ్గరలోనే ఔగుస్టుస్ చౌకులో 1981లో తెరిచిన కొత్త గెవాంధౌస్ ఉంది కానీ, అది వేరే కాలపు కట్టడం. తొలి కచేరీ కూడా ఆమెది కాదు. మరొక వాద్యకారిణి కచేరీలో, ఒకే పియానో దగ్గర ఇద్దరు కూర్చుని నాలుగు చేతులతో వాయించే రచనలో ఈ పిల్ల ఒక భాగం వాయించింది. ఏడేళ్ళ తర్వాత అదే మందిరంలో, స్వరకర్త మెండెల్‌సోన్ ఆర్కెస్ట్రాను నడిపిస్తుండగా, పదహారేళ్ళ క్లారా తాను స్వయంగా రచించిన కన్చెర్టోను, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్కరు ప్రధానంగా వాయించే రచనను, వాయించింది.

ఈ రెండు కచేరీల వెనుకా ఉన్నవాడు తండ్రి ఫ్రీడ్‌రిష్ వీక్. పియానోలు అమ్మేవాడు, అద్దెకిచ్చేవాడు, పాఠాలు చెప్పేవాడు. ఊరూరా మందిరం మాట్లాడడం, పియానో సంపాదించడం, టిక్కెట్లు అమ్మించడం అన్నీ ఆయన చేతి మీదుగానే జరిగేవి. తల్లిదండ్రులు విడిపోయాక, ఐదేళ్ళు నిండగానే పిల్ల తండ్రి దగ్గరకు చేరింది. ఆమె దినచర్య పుస్తకంలో తొలి సంవత్సరాలన్నీ ఆయన రాసినవే. అదీ ఆమె పేరుతో, ‘నేను’, ‘మా నాన్న’ అంటూ. మంచి గురువు అనడానికి సందేహం లేదు కానీ, పిల్ల చేతుల మీదే కాక ఆమె మాట మీద కూడా అంత హక్కు చలాయించిన మనిషిని మెచ్చుకోవడం నా వల్ల కాలేదు. 1838లో ఆస్ట్రియా చక్రవర్తి ఆమెకు ఆస్థాన విద్వాంసురాలి బిరుదు ఇచ్చాడు. పద్ధెనిమిదేళ్ళ విదేశీ యువతికి, అందులోనూ ప్రొటెస్టెంటుకు, ఆ గౌరవం దక్కడం అసాధారణం.

రాబర్ట్‌తో పెళ్ళికి వీక్ ఒప్పుకోలేదు. వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. ఆ గొడవ నడుస్తుండగానే, 1839లో ఆమె తండ్రి తోడు లేకుండా పారిస్ వెళ్ళి తన కచేరీల ఏర్పాట్లు తానే చూసుకుంది. చివరకు 1840 సెప్టెంబరు 12న, ఇరవై ఒకటో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, షోనెఫెల్ట్ గ్రామం చర్చిలో పెళ్ళి జరిగింది. ఆ గ్రామం ఇప్పుడు లైప్‌జిగ్‌లో కలిసిపోయింది, ట్రామ్ వెళుతుంది.

ఆ దంపతులు లైప్‌జిగ్‌లో కాపురం పెట్టిన, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఇల్లే ఇన్సెల్‌స్ట్రాస్సె 18. అదే భవనంలో క్లారా పేరుతో ప్రాథమిక పాఠశాల నడుస్తున్నది కనుక, మ్యూజియం గదుల్లోకి పిల్లల అల్లరి వినిపిస్తూ ఉంటుంది. నాకైతే అది ఇబ్బందిగా అనిపించలేదు, పైగా ఇంటికి తగినట్టే ఉంది. ఇక్కడ నన్ను ఎక్కువసేపు ఆపింది భార్యాభర్తలు వంతులవారీగా రాసుకున్న దినచర్య. రాబర్ట్ స్వరరచనలో ఉన్నంతసేపూ పక్కగదిలో పియానో మోగకూడదు. రోజంతటిలో సాధనకు ఒక్క గంట కూడా చిక్కడం లేదని, వాయించడం వెనుకబడిపోతున్నదని ఆమె అందులో బాధపడింది. యూరప్ అంతటా పేరు మోగుతున్న విద్వాంసురాలికి సొంత ఇంట్లో వాయించుకునే వీలు లేకపోయింది. అయినా 1842లో భర్త వెనక్కి వచ్చేసినా ఆమె కోపెన్‌హాగెన్ దాకా వెళ్ళి కచేరీలు చేసింది, 1844లో అతనితో కలిసి రష్యా వెళ్ళింది. మనసు కష్టపెట్టుకున్నది భర్తే. ఆ ఊళ్ళలో జనం చూడవచ్చింది తనను కాదని అతనికి తెలుసు.

లైప్‌జిగ్ నుంచి త్స్వికావ్‌కు లోకల్ రైలు ఉంది. రాబర్ట్ పుట్టిన ఆ ఊళ్ళో, ప్రధాన చౌకు పక్కనున్న షూమన్ మ్యూజియంలో, తొమ్మిదేళ్ళ క్లారా తొలి కచేరీలో వాయించిన పియానో ఉంది. వియన్నాలో స్టైన్ కుటుంబం చేసినది. నేటి కచేరీ పియానో లోపల పోత ఇనుప చట్రం ఉంటుంది, బరువు దాదాపు ఐదు వందల కిలోలు. దీని చట్రం చెక్కదే. మీటలు సన్నం, వాటిని నొక్కినప్పుడు దిగే లోతూ తక్కువే. తీగను కొట్టే చిన్న సుత్తులకు తోలు తొడుగు ఉంటుంది. ఇలాంటి వాద్యం మీద బలంగా మోదితే శబ్దం పెరగదు, చెడుతుంది. వేళ్ళను మీటలకు అంటిపెట్టుకుని, కొట్టకుండా ఒత్తి వాయించాలని ఆమె ముసలితనంలో కూడా శిష్యులకు చెప్పడానికి మూలం ఈ పెట్టెలోనే ఉందని నాకనిపించింది.

ఆమె జీవితమంతా దాచుకున్న కచేరీ కార్యక్రమ పత్రాలు, దాదాపు 1300, ఈ మ్యూజియం సంగ్రహంలోనే ఉన్నాయి. చూడగలిగినవి కొన్నే అయినా, వాటిలోనే ఒక మార్పు స్పష్టంగా తెలిసింది. చిన్ననాటి పత్రాలలో ఆపెరా పాటల మీద అల్లిన చమత్కార రచనలు, మధ్యమధ్య గాయకుల పాటలు. పోనుపోను స్వరకర్తలు బాఖ్, బీథోవెన్, షోపిన్, రాబర్ట్ వచ్చి కూర్చున్నారు. కచేరీ అంటే ఒకే వ్యక్తి గంభీరమైన రచనలను వరుసగా వినిపించడమనే నేటి అలవాటు స్థిరపడడంలో ఆమె పాత్ర పెద్దది. స్వరలిపి ముందు పెట్టుకోకుండా వాయించే పద్ధతీ అంతే. 1837లో బెర్లిన్‌లో బీథోవెన్ సొనాటాను (పలు భాగాల పియానో రచనను) ఆమె అలా వాయిస్తే, అది అహంకారమని రచయిత్రి బెట్టీనా ఫాన్ ఆర్నిమ్ విసుక్కున్నది. నేడు పుస్తకం పెట్టుకుంటే వింతగా చూస్తారు.

రైన్ తీరాన బాన్ నగరంలోని ఎండెనిష్ ఇల్లు చూడడం కష్టమైన పని. 1854 ఫిబ్రవరిలో నదిలోకి దూకి ప్రాణాలు తీసుకోబోయిన రాబర్ట్‌ను చేర్చిన మానసిక చికిత్సాలయం అదే. ఇప్పుడు కింద నగర సంగీత గ్రంథాలయం ఉంది. రెండేళ్ళకు పైగా వైద్యులు క్లారాను భర్త దగ్గరకు రానివ్వలేదు. 1856 జులై 27న అనుమతి దొరికింది, 29న ఆయన కన్నుమూశాడు. ఆ రెండేళ్ళూ ఆమె ఊరికే కూర్చోలేదు. కూర్చునే పరిస్థితీ లేదు. 1854 జూన్‌లో ఆఖరి బిడ్డ పుట్టాడు, ఆ శరదృతువులోనే ఆమె మళ్ళీ కచేరీలకు బయలుదేరింది. పోషించవలసిన పిల్లలు ఏడుగురు. ఒకరి దయ మీద బతకడం ఆమెకు ఇష్టం లేదు. 1856లో మొదటిసారి ఇంగ్లండు వెళ్ళి, తర్వాత మూడు దశాబ్దాలు మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. 1870లలో చెయ్యి నొప్పితో కొంతకాలం కచేరీలు ఆపవలసి వచ్చింది. అప్పటి ఉత్తరాలలోని దిగులుకు ఆ నొప్పి ఒక్కటే కారణం కాదు, జరుగుబాటు కూడా.

బాన్ పాత శ్మశానంలో దంపతుల సమాధి మీద శిల్పి డోన్‌డోర్ఫ్ చెక్కిన స్మారకం ఉంది. పైన రాబర్ట్ ముఖం, కింద అతని వైపు తలెత్తి చూసే కళాదేవతగా క్లారా. 1880లో దాన్ని ఆవిష్కరించేనాటికి ఆమె బతికే ఉంది, కచేరీలు చేస్తూనే ఉంది. శిల్పం అందమైనదే, పోలిక మాత్రం నాకు మింగుడు పడలేదు. పనిచేసే మనిషిని ఎవరూ అలా కూర్చోబెట్టరు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆమె చివరి పద్ధెనిమిదేళ్ళూ గడిచాయి. 1878లో హోఖ్ సంగీత విద్యాలయం ఆమెను ఆచార్యురాలిగా పిలిచినప్పుడు, పాఠాలు ఇంటి దగ్గరే చెప్పే వీలు, ఏటా నెలల తరబడి సెలవు, కచేరీ ప్రయాణాలకు అనుమతి అన్నీ ముందే మాట్లాడుకుంది. తండ్రి దగ్గర చిన్నప్పుడే చూసిన బేరసారాల జ్ఞానం ఎక్కడికీ పోలేదు. మిలియస్‌స్ట్రాస్సెలో ఆమె ఉన్న ఇంటిని బయటి నుంచి చూసి వచ్చాను. యూరో రాకముందు చెలామణిలో ఉన్న 100 మార్కుల నోటు మీద ఒక వైపు ఆమె బొమ్మ, రెండో వైపు పియానో ఉండేవి. 1891 మార్చి 12న ఈ నగరంలోనే ఆమె చివరి కచేరీ జరిగింది. ఆనాడు వాయించినది రెండు పియానోల కోసం స్వరకర్త బ్రామ్స్ రాసిన హైడెన్ వేరియేషన్లు, అంటే ఒకే రాగాన్ని రకరకాలుగా మార్చి అల్లిన రచన. మొదలుపెట్టినట్టే, ముగించడమూ మరొకరితో కలిసే. 1896 మే 20న ఆమె మరణించింది.

క్లారా వాయించినది రికార్డు కాలేదు. ఆమె శిష్యురాళ్ళు ఫ్యానీ డేవిస్, అడెలీనా డె లారా వాయించినవి మాత్రం దొరుకుతాయి. డేవిస్ 1928లో రాబర్ట్ కన్చెర్టోను రికార్డు చేసింది. డె లారా రికార్డులు 1950ల నాటివి, అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. ఆ వయసు వేళ్ళలో తెలుస్తుంది, పాత రికార్డుల గరగరా తప్పదు. అయినా తొందర లేని నడక, ప్రధాన రాగం కింద నడిచే లోపలి స్వరాలు విడివిడిగా వినిపించే తీరు గమనించదగ్గవి. ఈ దారిలో వెళ్ళదలచినవారు వాటిని ముందే విని బయలుదేరడం మంచిది. త్స్వికావ్‌లోని పియానోను ముట్టుకోనివ్వరు కాబట్టి, ఒత్తి వాయించడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ రికార్డులే దారి.