నా కొలతలకు కుట్టిన గొట్టం

ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశాను. టైరు పక్కన ఒకచోట ఉబ్బి కనిపిస్తే ఆ బస్సును గేటు దాటనిచ్చేవాళ్లం కాదు. అలాంటి ఉబ్బే నా కడుపులో ఉందని అరవై తొమ్మిదో ఏట తెలిసింది. అదీ ప్రోస్టేట్ కోసం అల్ట్రాసౌండ్ తీస్తుంటే. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం, అయోర్టా, కడుపులో మామూలుగా రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందట. నాది 6.2.

నొప్పి లేదు, ఆకలికి లోటు లేదు. రాత్రిళ్లు వెల్లకిలా పడుకుంటే బొడ్డు దగ్గర ఏదో కొట్టుకునేది. గ్యాస్ అనుకున్నాను. రెండేళ్ల కిందట వేరేచోట తీయించిన స్కానింగ్ రిపోర్టు బీరువాలోంచి తీసి చూస్తే, చివరి లైనులో అయోర్టా ఉబ్బిందని రాసే ఉంది. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ చదవలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

హైదరాబాద్‌లో వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టరుగారు, సిటీ యాంజియో (రక్తనాళాలు కనిపించే స్కాన్) బొమ్మ చూపించారు. మగవాళ్లకు 5.5 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారట. పగిలితే చాలామంది ఆసుపత్రి దాకా కూడా రారని నెమ్మదిగా చెప్పారు. సిగరెట్లు తాగేవారా అని అడిగారు. బైపాస్ అయ్యేదాకా, పాతికేళ్లు తాగానన్నాను. మా ఆవిడ తల దించుకుంది.

మామూలుగా అయితే గజ్జల్లోంచి గుడ్డ తొడిగిన స్టెంటు పంపి, ఉబ్బు లోపల విప్పుతారు. రక్తం ఆ గొట్టంలోంచే పోతుంది, ఉబ్బు మీద ఒత్తిడి తగ్గుతుంది. కానీ నా ఉబ్బు కిడ్నీల నాళాలకు ఆనుకునే మొదలైంది. గొట్టానికి అక్కడ పట్టు దొరకదు. ఇంకా పైనుంచి వేస్తే కిడ్నీలకు రక్తం ఆగిపోతుంది. కడుపు కోసి చేస్తే నా గుండె తట్టుకోదన్నారు. అందుకని నా స్కాన్ కొలతలు విదేశానికి పంపి, కిడ్నీలకూ పేగులకూ వెళ్లే నాళాలకు సరిగ్గా ఎదురుగా రంధ్రాలు పెట్టి గొట్టం కుట్టించారు.

అది రావడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఆపరేషన్ కన్నా ఆ రోజులే కష్టం. బీపీ రోజుకు రెండుసార్లు చూసుకోవాలి, బరువులు ఎత్తకూడదు. మనవడు చేతులు చాస్తే ఎత్తుకోలేకపోయాను. నేను గట్టిగా దగ్గినా మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చేది. కోడలు సిటీ స్కాన్ సీడీ, బ్లడ్ గ్రూప్ కాగితం ఒక సంచిలో పెట్టి తలుపు పక్కనే తగిలించింది. ఆ సంచి చూసినప్పుడల్లా టెన్షన్ వచ్చేది, ధైర్యమూ వచ్చేది.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టిందట. ఐసీయూలో కళ్లు తెరిచేసరికి నర్సమ్మ, "బాబాయ్ గారూ, కాలి వేళ్లు కదపండి" అంటోంది. వెన్నుపాముకు రక్తం తగ్గితే కాళ్లు పడిపోతాయట. గంటగంటకీ కదిపించింది. నాళాలు కనపడడానికి ఎక్కించిన డై వల్ల, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి, నాలుగో రోజుకు దిగింది. వారానికి ఇంటికొచ్చాను. రెండు గజ్జల్లోనూ చిన్న గాట్లే, నీరసం మాత్రం రెండు నెలలు వదల్లేదు.

నెల స్కాన్‌లో ఉబ్బులోకి కొద్దిగా రక్తం ఊరుతోందన్నారు. వెన్ను వైపు చిన్న నాళాల నుంచి వస్తోందట, చూస్తూ ఉందామన్నారు. ఏడాదికి ఉబ్బు 5.7కి తగ్గింది. ఈ స్కాన్లు జీవితాంతం తప్పవు.

ఇది కుటుంబాల్లో వస్తుందని డాక్టరుగారు చెప్పగానే కాకినాడలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. "నాకేం లేదన్నయ్యా" అన్నాడు. బతిమాలి స్కాన్ చేయించాను. 3.6 ఉంది. ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు, చుట్ట మానేసి క్రమం తప్పకుండా చూపించుకోవాలన్నారు. వాడి రిపోర్టు తెప్పించుకుని చివరి లైను దాకా నేనే చదివాను.