పిల్లి ఏ వైపు నుంచి ఎదురొచ్చింది?

పాలకొల్లు, నరసాపురం వైపు కాలువ గట్ల మీద పిల్లి అడ్డమొస్తే బండి ఆపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెనకొచ్చేవాడు ముందు దాటేదాకా కదలరు, ఆ కీడేదో వాడికి పోవాలని కాబోలు! ఇల్లు దగ్గరైతే వెనక్కెళ్ళి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరతారు. నిజానికి మన శకునానికి రంగుతో పెద్దగా పనిలేదు. ఏ పిల్లయినా పిల్లే, నల్లదైతే భయం ఇంకాస్త ఎక్కువ.

నలుపును పనిగట్టుకుని పట్టుకున్నది యూరప్. 1233లో తొమ్మిదో గ్రెగరీ పోప్ జారీచేసిన ‘వోక్స్ ఇన్ రామా’ లేఖలో, మతద్రోహుల రహస్య పూజ వర్ణనలో నల్లపిల్లి ఉంటుంది. అదే యూరప్‌లో బ్రిటన్‌కి వెళితే చాలాచోట్ల నల్లపిల్లి ఎదురవడం శుభం. జర్మనీలో ఏ వైపు నుంచి దాటిందన్నదాన్ని బట్టి మంచో చెడో చెబుతారు. జపాన్ కొట్లలో చెయ్యెత్తి పిలిచే పిల్లిబొమ్మ నల్లదైతే కీడును తరిమేస్తుందంటారు.

చారల పిల్లికి నల్లకూన పుట్టిందని కంగారుపడే ఇళ్ళూ ఉన్నాయి. వెంట్రుక మీద లేత, ముదురు పట్టీలు పడేలా చేసే జన్యువొకటి ఉంది. ఆ జన్యువుకి చెడిన నకలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే పట్టీలు పడవు, వెంట్రుకంతా నలుపే. తల్లీతండ్రీ చారలవే అయినా, ఇద్దరిలో ఆ చెడిన నకలు ఒక్కొక్కటి దాగుంటే ఒక్కో కూన నల్లగా పుట్టడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. కూనని ఎండలోకి తెచ్చి చూడండి, నలుపు అడుగున చారలు లీలగా కనబడతాయి. ఎండలో బాగా తిరిగితే ఆ నలుపు తుప్పురంగుకి తిరుగుతుంది. చేప, మాంసం లేకుండా వట్టి పెరుగన్నంతో పెంచినా అంతే, నలుపు రంగుకి కావలసిన టైరోసిన్ (ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం) చాలదు.

ఇక రాత్రి గట్టు మీద. నల్లపిల్లి ఒళ్ళు కనబడదు, లైటు పడి కళ్ళు మాత్రం నేలకి జానెడు ఎత్తున మెరుస్తాయి. సడన్ బ్రేకు వేస్తే వెనకున్న ధాన్యం ట్రాక్టరు గుద్దుతుంది, హ్యాండిల్ తిప్పితే కాలువలో పడతారు. యాక్సిలరేటరు వదిలి, హెడ్‌లైటు డిమ్ చేసి, బండి తిన్నగా ఉంచండి. లైటు కళ్ళలోకి కొడితే పిల్లి అక్కడే బిగుసుకుపోతుంది. అది దాటాక కూడా ఒక్క క్షణం ఆగండి, వెనక కూనలుంటే అవీ దాటాలి.