మెడికల్ రెప్ బ్యాగు దించాక: ఆన్‌లైన్ చదువు నాకు ఎక్కడ పనికొచ్చింది

తొమ్మిదేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగాను. గుంటూరు హెడ్‌క్వార్టర్. సోమవారం తెనాలి, మంగళవారం నరసరావుపేట, బుధవారం చిలకలూరిపేట. రాత్రి పదిన్నరకి ఆఖరి పేషెంటు వెళ్లాక డాక్టరు గారితో రెండు నిమిషాలు మాట్లాడి, ఇంటికొచ్చి ఆ రోజు రిపోర్టు ఎక్కించి పడుకోవడం. టార్గెట్ల టెన్షన్ సరేసరి. 2022లో మా ఏరియా మేనేజరు చేత రాజీనామా రాయించుకున్నారు. ఆయనకి 43 ఏళ్లు, నాకు అప్పటికి 32. ఆ రాత్రి వేళ్ల మీద లెక్కేసుకున్నాను, ఇంకా 11 ఏళ్లు అని.

ఎక్సెల్ మీద నాకు మొదటి నుంచీ ఇష్టం. మా టీం సేల్స్ షీట్లన్నీ నేనే చేసేవాణ్ణి. డేటా వైపు వెళ్దామనుకుని, ఆన్‌లైన్ ఎంసీఏ (కంప్యూటర్ల పీజీ) కోసం ఒక వెబ్‌సైట్లో ఫోన్ నంబరు ఇచ్చాను. ఇక చూడండి, రోజుకి ఎనిమిది ఫోన్లు. "ఈ రోజే కడితే స్కాలర్‌షిప్ సార్, సీటు బ్లాక్ చేసుకోండి." నేను ఇంటర్ బైపీసీ, డిగ్రీ బీజడ్‌సీ, రెండింట్లోనూ మ్యాథ్స్ లేదు అన్నాను. "అదేం ప్రాబ్లెం కాదు సార్" అంది ఆ అమ్మాయి. ఆమెని తప్పు పట్టను. నెలాఖరు టార్గెట్ ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ రూల్స్ తీసి చదివితే ఎంసీఏకి ఇంటర్లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలని అప్పట్లో ఉండేది. కొన్నిచోట్ల మ్యాథ్స్ లేనివాళ్లకి బ్రిడ్జి కోర్సు పెట్టి తీసుకునేవాళ్లు. ఆ పేపరు రేపు ఎక్కడైనా చెల్లకపోతే నా గతేంటి?

చెల్లుబాటు విషయం కూడా అప్పుడే చదివాను. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమే. ఏ యూనివర్సిటీకి ఏ కోర్సుకి అనుమతి ఉందో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైటులో చూసుకోవచ్చు. ఫోన్లో అడగడం కంటే అదే మేలు.

చివరికి ఐఐటీ మద్రాసు వాళ్ల డేటా సైన్స్ బీఎస్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రోగ్రాంకి అప్లై చేశాను. 2020లో మొదలైంది అది. జేఈఈ అక్కర్లేదు, ఇంటర్ పాసై, పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లీషు ఉంటే చాలు. నాలుగు వారాలు పాఠాలు, అసైన్‌మెంట్లు, ఆపైన క్వాలిఫయర్ పరీక్ష. అది గట్టెక్కితేనే మొదటి మెట్టు ఫౌండేషన్‌లోకి రానిస్తారు. నేను చేరినప్పుడు ఫౌండేషన్లో ఒక్కో కోర్సుకి 4,000 రూపాయలు, మొత్తం ఎనిమిది కోర్సులు. నాకు నచ్చింది ఏంటంటే మధ్యలో ఆపేసినా అప్పటిదాకా చదివినదానికి ఒక సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఫౌండేషన్, తర్వాత డిప్లొమా, తర్వాత డిగ్రీ.

పదో తరగతి తర్వాత మ్యాథ్స్ ముఖం చూడనివాణ్ణి. మా అక్క కొడుకు పాత పుస్తకాలు తెచ్చుకుని వర్గ సమీకరణాల నుంచి మొదలుపెట్టాను. రెప్‌లకి దేవుడిచ్చిన వరం వెయిటింగ్. క్లినిక్ బయట బెంచీ మీద చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని స్టాటిస్టిక్స్ పాఠాలు వినేవాణ్ణి. కాంపౌండర్లు పాటలనుకునేవాళ్లు. క్విజ్‌లూ ఎండ్ టర్మూ విజయవాడ వెళ్లి రాయాలి, అవి ఆదివారాలు. పక్క సీట్లలో అంతా ఇరవై లోపు పిల్లలు. ఒకబ్బాయి నన్ను ఇన్విజిలేటర్ అనుకుని రఫ్ పేపరు అడిగాడు. మ్యాథ్స్-2 ఒకసారి తప్పాను. మాత్రికలు, వెక్టర్ స్పేసులు... ఆ టర్మ్‌లోనే మార్చి నెల టార్గెట్లు కూడా పడ్డాయి. ఇంట్లో చెప్పలేదు, ఫీజు మళ్లీ కట్టినప్పుడు మా ఆవిడే పట్టేసింది.

డిప్లొమాలో బిజినెస్ డేటా మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు అని ఒకటుంటుంది. ఏదైనా నిజమైన వ్యాపారం దగ్గరికి వెళ్లి, వాళ్ల డేటా తీసుకుని, వాళ్ల సమస్యేంటో తేల్చాలి. ఓనరుతో మాట్లాడినట్టు వీడియో కూడా పెట్టాలి. నేను నేరుగా గుంటూరు కొత్తపేటలో మా స్టాకిస్టు (కంపెనీ దగ్గర మందులు కొని షాపులకి వేసే హోల్‌సేలరు) బాబాయ్ దగ్గరికి వెళ్లాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఏడాదిన్నర డేటా ఇచ్చాడు. ఒకే మందు మూడు పేర్లతో, స్పెల్లింగులు తప్పులతో ఉంది. అది శుభ్రం చేయడానికే మూడు వారాలు పట్టింది. ఎక్స్‌పైరీ దగ్గరపడిన సరుకు విడదీసి చూస్తే, సగానికి పైగా మార్చిలో దిగినదే. గ్రాఫు చూపిస్తే బాబాయ్ నవ్వాడు.

"ఏమయ్యా, ఇది నాకు తెలీందా? మార్చిలో పది కొంటే రెండు ఫ్రీ అని తోసింది మీరే కదా!"

"తెలుసు బాబాయ్. ఎన్ని లక్షలో తెలుసా?"

నవ్వడం ఆపేశాడు.

2025లో డిప్లొమా చేతికొచ్చింది. డిగ్రీ దాకా వెళ్లలేదు. ఉద్యోగాల సైటులో చదువు వివరాలు నింపుతుంటే ఫుల్ టైమా, పార్ట్ టైమా, డిస్టెన్సా అని అడిగింది. సమానమన్న రూలు కాగితం మీదే, ఈ బాక్సులో వేరే గడి ఉంది. నిజమే పెట్టాను. నాలుగు నెలల్లో వచ్చిన ఫోన్లు మూడు. ఒకాయన "సేల్స్ అయితే వెంటనే ఇస్తాం" అన్నాడు.

మూడోది హైదరాబాదులో మందుల కంపెనీలకి సేల్స్ డేటా చేసిపెట్టే చిన్న సంస్థ. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్ నుంచి డేటా తీసే భాష) రెండు ప్రశ్నలు అడిగారు, ఒకటి తడబడ్డాను. పరీక్షలు ఇంట్లో రాశారా, సెంటర్‌కి వెళ్లా అని ఒకావిడ అడిగింది. సెంటర్‌కే అన్నాను, ఏదో రాసుకుంది. డిప్లొమా గురించి ఎవరైనా అడిగింది ఆ ఒక్క మాటే. తర్వాత ఒక షీటు ముందు పెట్టి, మార్చిలో ప్రైమరీ సేల్స్ (కంపెనీ స్టాకిస్టుకి అమ్మింది) ఇలా లేచి ఏప్రిల్లో ఎందుకు పడిపోయిందో చెప్పమన్నారు. నేను బాబాయ్ గోడౌను గురించి చెప్పడం మొదలుపెట్టాను. కంపెనీ నుంచి స్టాకిస్టుకి పోయిందంతా షాపుకి పోయినట్టు కాదని, ఏప్రిల్లో వాపసులొస్తాయని, సెకండరీ (స్టాకిస్టు షాపులకి అమ్మింది) చూడకుండా ప్రైమరీ మీద అంచనా వేస్తే వచ్చే ఏడు కూడా తప్పుతుందని చెప్పాను. ఇరవై నిమిషాలు అయింది. ఎవరూ ఆపలేదు.

చదవకపోతే ఆ షీటు నా ముందుకి వచ్చేది కాదు. రెప్‌గా తిరక్కపోతే దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కొత్తగా డిగ్రీ అయిన కుర్రాడు ఇదే డిప్లొమా చేస్తే ఇలాగే పనికొస్తుందా అంటే నేను చెప్పలేను. నాకు మాత్రం పాత బ్యాగులో సరుకు ఉంది.

ఇన్సెంటివ్, డీఏ (రోజువారీ భత్యం) కలుపుకుంటే రెప్‌గా నాకు వచ్చేదానికంటే జీతం తక్కువే, పైగా హైదరాబాదు అద్దె. "ఏమండీ, మూడేళ్లు చదివింది జీతం తగ్గించుకోవడానికా?" అంది మా ఆవిడ. రాత్రి ఎనిమిదింటికి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఆ మాట అనదు.

డిగ్రీ లెవెల్ ఫీజు కట్టమని మెయిల్స్ వస్తున్నాయి. ఈ ఏడాది కట్టట్లేదు. బాబాయ్ నెలాఖరుకి ఫోన్ చేసి ఎక్స్‌పైరీ షీటు అడుగుతాడు. ఆదివారం కూర్చుని చేసి పంపుతాను. ఈ మార్చిలో సరుకు సగమే దించుకున్నాడట. నా జాగాలో వచ్చిన కుర్రాడు నా మీద గుర్రుగా ఉన్నాడని కూడా చెప్పాడు.